దోన ఎర్రగనే ఉన్నది

ఆగు బిడ్డా. గా సీసల నీళ్ళు పొయ్యకు. నీ కాళ్ళు మొక్కుత, జర ఆగు.

ఏందీ మనిషి గిట్ల చెయ్యి గుంజవట్టె అని సూస్తున్నవా? సూడు, సూడు. నువ్వు నల్గొండ కాలేజిల పాఠాలు చెప్పే మంజులతమ్మవు, నేను గొర్లెంబడి తిరిగే గుర్వమ్మను. పొద్దటి సంది నీకు తొవ్వ సూపెట్టిన, నువ్వు చెప్పింది ఇన్న, నోరు మూసుకొని ఉన్న. నోరు మూసుకొనుడు నాకు అలువాటు లేదు, మా ఊర్ల ఎవలనన్న అడుగు. కని నువ్వు ఇప్పుడే ఒక మాటన్నవు. ఈడికెళ్ళి సక్కగ నందికొండకు పోయి, కట్ట కాడి నీళ్ళల్ల గూడ పాకురు పట్టుకొని, రేపు నల్గొండకు పోత అన్నవు. గా మాటింటె నా పానం ఆగలే. నందికొండల నాకొక మనిషున్నది. ఆ మనిషి పానం నీ చేతుల ఉన్న సీస మీద ఉన్నది. నవ్వకు. గీ బండ నీడకు కూసో, చెప్త.

ఇందాక నువ్వేం చెప్పినవు? గీ దోనల, గుట్ట మీది గీ బండ గుంటల, ఎర్రగ పెచ్చులు కట్టింది మట్టి గాదు, రక్తం గాదు, పాకురే అన్నవు. పచ్చటి పాకురు. కంటికి గూడ ఆననంత సన్నయి, ఒక్కొక్కటి ఒక్కొక్క జీవం అన్నవు. నీళ్ళు నిండుగ ఉన్నన్నాళ్ళు తోకలాడించుకుంట ఈదుతయి, ఎండను పట్టుకొని అన్నం వండుకుంటయి అన్నవు. నీళ్ళు ఇంకి, ఎండ ముదిరి, బండ పెంకలెక్క కాలినప్పుడు మాత్రం వంట తగ్గించుకుంటయట. పచ్చదనం తగ్గించుకుంటయట. తోకలు రాల్చుకొని, మందంగ పొట్టు కట్టుకొని, లోపల ఎర్ర రంగు నింపుకొని పండుకుంటయట. ఆ ఎర్ర రంగు వాటికి గొడుగసుంటిదన్నవు. సచ్చినట్టే ఉంటయి కని సావయి, నీళ్ళు దొరికితె మల్ల పచ్చబడ్తయి అన్నవు.

నువ్వు చెప్తాంటె నేను పక్కకు తిరిగి కొంగు కండ్లకద్దుకున్న. దుమ్ము పడ్డదనుకున్నవు నువ్వు. గా ముచ్చట పన్నెండేండ్ల కింద ఎవలన్న చెప్పి ఉంటె, నీ పుణ్యముంటది, ఒక ఇల్లు నిలవడేది.

నందికొండ కట్టకు పునాది పడ్డదన్నరు సూడు, దాని మరుసటి ఎండకాలం. పాలమూరు, నల్గొండ రెండు దిక్కులా ఒక్క సుక్క లేదు. మా గొర్లు సగం సచ్చినయి. ఉన్న సగాన్ని నా పెనిమిటి కిష్ణ ఒడ్డుకు తోలుకపోయిండు, పచ్చిక కోసం. మా మరిది ఐలేశం నందికొండకు రాళ్ళు మోయ పోయిండు. ఇంట్ల మా అత్త నర్సింగమ్మ, నేను, నా యారాలు రామమ్మ. ఐలేశం పెండ్లమన్నట్టు. ఇగ రామమ్మ బిడ్డ, గోపమ్మ. గోడ పట్టుకొని నిలవడేది అప్పుడప్పుడే. నీళ్ళను "నీ, నీ" అనేది. నాకు పిల్లలు లేరు. పిల్ల సగం రామమ్మ దగ్గర, సగం నా దగ్గర పెరిగింది. తల్లి పాలు తాగి నా సంకల పండేది.

రామమ్మది కోస్గి దిక్కు. నెమ్మదస్తురాలు. నేను లొడలొడ వాగితె ఆమె నవ్వేది. యారాండ్లంటె కత్తులు నూరుకోవాలె గద లోకంల? మాకు గది చాతకాలె. మా అత్తకు అదే కోపం. "ఇద్దరు ఒక్క కుండల కల్లు తాగినట్టున్నరు" అని సాదిచ్చేది.

రోహిణి కార్తెల ఊర్ల బావి అడుగంటింది. బురద నీళ్ళు. తోడితె కప్పలొచ్చేటియి. అప్పుడు రామమ్మ, నేను గుట్టెక్కి గీ దోన నీళ్ళు తెస్తుంటిమి. దోన ఎన్నడు గంత అడుక్కు పోలె, ముసలోళ్ళకు గూడ ఎరుక లేదు. మొదలు నీళ్ళు పచ్చగుండె. తర్వాత చాయ నీళ్ళ తీరు అయినయి. ఒకనాడు నాకు ఒళ్ళు వెచ్చగుండి నేను పోలె, రామమ్మ ఒక్కతే పోయింది. ఆనాడే నీళ్ళు ఎర్రగ తిరిగినయి. అడుగుకు వంగి ముంచుకుంటె, పసుపు రంగు కోక కట్టుకున్నది, కుచ్చిళ్ళు మొత్తం ఎర్ర మరకలైనయి. కుండ అంచుకు గూడ ఎర్రగ అంటుకున్నది. పాపం, దానికేం ఎరుక? నీళ్ళు దొరికినయి గద అని కుండ నెత్తిమీద పెట్టుకొని ఊరు నడుమకెళ్ళి వచ్చింది.

ఆడోళ్ళు సూసిన్రు. ఎర్ర మరకలున్న కోక. గుట్ట మీదికెళ్ళి వస్తాంది. ఇంకేమున్నది? ముట్టుతోని దోన ముట్టింది అన్నరు. ఒకామె ఉరికిపోయి దోన సూసొచ్చింది. "ఓ యమ్మో, దోన గూడ ఎర్రబడ్డది, గంగమ్మకే మైల తగిలింది" అని గుండెలు బాదుకుంట వచ్చింది. నీళ్ళ మరక కోకకు అంటిందంటె ఒక్కలు ఇనలె. కోక మరక నీళ్ళకంటిందన్నరు. ఎటుదిటు తిప్పి చెప్పిన్రో సూడు! కాలం కలిసి రాకపోతె తాడే పామై కరుస్తదని ఊకెనే అన్నరా?

నేను జరంల లేచి కూసున్న. "దానికి ముట్టు లేదు, ఇంటి మనిషిని నాకు ఎరుక లేదా?" అని ఒర్రిన. మా ఇంటి గడప ముందల నిలవడి ఊరందరిని తిట్టిన. మా అత్త నా నోరు మూయవట్టె.

గోవిందమ్మ అని ఒకామె ఉండె, బోనాల కాడ అమ్మోరు పూని సిగమూగుతది. ఆనాడు పండుగ లేదు, పబ్బం లేదు, ఊగవట్టింది. ఇంత పసుపు పూసుకొని, జుట్టు ఇరబోసుకొని, "నా నీళ్ళు మైల జేసిన్రు. ముట్టిన మనిషి నా పొలిమెరల ఉండొద్దు. నా దోన మల్ల పచ్చబడ్డనాడే ఊర్లె అడుగువెట్టాలె" అన్నది. దాని నోట్ల మన్నువడ! పచ్చబడ్డనాడు అన్నది సూడు, ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది.

మర్నాడు పొద్దుగాల రామమ్మను తల్లిగారింటికి తోలుడు. పిల్లను సంకనేసుకొని బయలెల్లింది. మా అత్త అడ్డమొచ్చింది. మా అత్త చెడ్డది గాదు బిడ్డా, అబద్ధమెందుకు. "గీ ఎండల పసిపిల్లను ఏడికి కొంచవోతవే? రోడ్డెక్కేదాంక సుక్క నీళ్ళు దొరకవు. తొవ్వల పిల్ల సొమ్మసిల్లితె ఏం చేస్తవు? మిరుగు కార్తె రాంగనె రెండు వానలు పడ్తయి, దోన నిండుతది, నువ్వే ఉరుక్కుంట వస్తవు" అన్నది. ఆ మాట నిజమే అనిపిచ్చింది అందరికి. నాకూ అనిపిచ్చింది. రామమ్మ పిల్ల మొకం సూసింది, పైన ఎండ సూసింది. పిల్లను తెచ్చి నా చేతుల పెట్టింది.

"అక్కా, మేకపాలు చిక్కగ పొయ్యకు, అరగవు. పల్చగ కాచి పొయ్యి. జర పైలం" అన్నది.

ముట్టయిన కుండను పొలిమెరల పలగ్గొట్టి పొమ్మన్నరు. రామమ్మ పలగ్గొట్టలె. గంతమంది సూస్తాంటె కుండను సంకకెత్తుకొని, పిల్లను పెట్టుకునే జాగల పెట్టుకొని, పోయింది. పిల్ల నా మెడ మీదికెళ్ళి "మ్మా, మ్మా" అని చేతులు సాపింది. ఎనక తిరిగి సూడలె రామమ్మ. సూస్తె పోలేనని ఎరుక దానికి.

మిరుగు వచ్చింది. వాన రాలె. ఆరుద్ర వచ్చింది. మొగులు వచ్చుడు, పోవుడు. నేను పొద్దుమాపు గుట్ట దిక్కు సూసేది. గీ దోన నీళ్ళు ఎవలు ముట్టలె, ముట్టొద్దన్నరు గద. నీళ్ళు ఇంకిపోయి, అడుగున ఎర్రగ పెచ్చులు కట్టింది, ఇప్పుడు నువ్వు గీకుతున్నవు సూడు, అచ్చం గిట్లనే. ఊరంత గా బావి బురదే తాగింది. బట్టల వడగట్టుకొని తాగింది.

బురద నీళ్ళు తాగితె ఏమైతది? గత్తరొచ్చింది, మీరు కలరా అంటరు సూడు, గది. మొదలు పడమటింటి ముసలోడు, తర్వాత వాని మన్మడు. తర్వాత మా ఇల్లు.

పిల్లకు పొద్దుగాల కక్కుడు మొదలైంది. పొద్దు నడి నెత్తికి వచ్చేవరకు కండ్లు లోపలికి పోయినయి. నేను పిల్లను తొడల మీద పండవెట్టుకొని విసురుతున్న. "నీ, నీ" అన్నది. ఇంట్ల ఉన్నయి గా బురద నీళ్ళే. అవే కాచి సుక్క సుక్క పోసిన. కక్కింది. మల్ల "నీ" అన్నది. మల్ల పోసిన. దవాఖానకు పోవాలంటె బండి లేదు, ఎడ్లు లేవు, మొగోడు లేడు. నేను ఎత్తుకొని ఉరికిన. రోడ్డు దాంక గూడ పోలె బిడ్డా. తొవ్వల్నే పిల్ల చెయ్యి నా మెడ మీదికెళ్ళి జారింది.

తంగేడు పొదల కాడ బొంద తీసి పెట్టినం. గుప్పెడంత బొంద.

మా అత్త అప్పటి సంది మాట్లాడుడు బంజేసింది. నందికొండకు మనిషిని పంపితె ఐలేశం వచ్చిండు. వచ్చి బొంద మీద పడి మన్ను కరిచిండు వాడు. లేచి, పెండ్లానికి చెప్పాలె అని అటుకటె కోస్గి దిక్కు పోయిండు. అక్కడ వాళ్ళేమన్నరు? "రామమ్మ ఎప్పుడో పోయింది, అత్తగారింటికి పోతున్న అని కుండ పట్టుకొని పోయింది" అన్నరు. ఇంటికి రాలె, తల్లిగారింట్ల లేదు. పిచ్చోని తీరు ఊరూరు తిరగవట్టిండు. సూడు బిడ్డా, చెప్పవోయినోడు ఒక తొవ్వ పట్టిండు, ఇనాల్సిన మనిషి ఇంకో తొవ్వ పట్టింది. దేవుడున్నడంటరు. ఉంటె ఏడ పన్నడో మరి.

అసలు రామమ్మ ఏం చేసిందంటే, గిది తర్వాత నాకు తనే చెప్పింది. తల్లిగారింట్ల ఆ కుండను ఎవలు ఇంట్లకు రానియ్యలె. గొడ్ల కొట్టం చూరు కింద పెట్టుకున్నది. కోళ్ళు తాగుతయని ఇంత నీళ్ళు పోసి ఇడిసిపెట్టింది. కొన్నొద్దులకు సూస్తె, అంచుకు ఎర్రగ ఎండిపోయిన మరక ఉండె గద, అది పచ్చబడ్డది! లోపల నీళ్ళు గూడ లేత పచ్చగ తిరిగినయి. రామమ్మ ఆ కుండ ముందల కూసోని సూసింది. అర కుండ నీళ్ళు బయట ఎండల ఇంకో మంగలంల పోసిపెట్టి సూసింది. ఎండకు పెట్టింది మల్ల ఎర్రబడ్డది, చూరు కింద పెట్టింది పచ్చగనే ఉన్నది. నీళ్ళు గావాలె, నీడ గావాలె. దేవుడు లేడు, ముట్టు లేదు, గింతే ముచ్చట అని తెల్సిపోయింది దానికి.

నేనైతె ఉరికొచ్చి గోవిందమ్మ జుట్టు పట్టుకొని కుండల ముంచేదాన్ని. రామమ్మ నా తీరు గాదు. చెప్తె ఎవలు నమ్ముతరని అనుకున్నది. కోక మరకప్పుడు నమ్మిన్రా? అందుకని దోననే పచ్చగ జేస్త, కండ్లతోని సూస్తె వాళ్ళే పిలుస్తరు, పిల్ల దగ్గరికి పోత అనుకున్నది.

గుట్ట అవతల బక్కమ్మ అని ఒక రైతామె ఉన్నది, వేరే ఊరు వాళ్ళది. ఆమెకు మోట బావి, అడుగున నీళ్ళుండె. రామమ్మ అక్కడ చేరింది. పొద్దుగాల కలుపు, పశువుల పని. కూలి పైసలిస్తాంటె, "పైసలొద్దు అవ్వా, నీళ్ళియ్యి" అన్నదట. గా నీళ్ళు కుండల పోసుకొని, మిట్ట మధ్యాహ్నం గుట్టెక్కేది. ఎందుకు గా యాళ్ళకు? ఎండకు భయపడి మా ఊరోళ్ళు ఒక్కలు గుట్టెక్కరు గనుక. నువ్వు చెప్పులేసుకొని వచ్చినా అబ్బా కాలుతాంది అంటున్నవు గద. రామమ్మకు చెప్పులు లేవు. నీళ్ళు దోనల పోసి, తంగేడు కొమ్మలు ఇరిచి పైన కప్పి నీడ జేసి పోయేది. నీళ్ళు ఇంకేటియి, మల్ల తెచ్చేది. దోననంత నింపుడు మనిషితోని అయితదా? మూలకు ఒక గుంటున్నది సూడు, తట్టంత, దాన్నే పట్టుకున్నది.

ఇంట్ల పాలకని ఉంచుకున్న మేకలల్ల సూడిదొకటి తప్పిపోయింది. ఆ మేక కోసం నేను మధ్యాహ్నం గుట్టెక్కిన. దోన మీద కొమ్మలు కప్పి ఉన్నయి. ఎవలు కప్పిన్రు గీ కొమ్మలు అని తీసి సూద్దును గద, కింద పచ్చగ! వరి నారు పోసినట్టు పచ్చగ. వాన లేదు, మొగులు లేదు. చప్పుడైతె తల ఎత్తిన. అవతలి దిక్కుకెళ్ళి, నెత్తిన కుండతోని, రామమ్మ ఎక్కొస్తాంది.

నల్లగైంది. బొక్కలు తేలినయి. కాళ్ళకు గుడ్డపేలికలు సుట్టుకున్నది. నన్ను సూసి నవ్వింది బిడ్డా. గా నవ్వు ఎవలకు రావొద్దు, పగోళ్ళకు గూడ రావొద్దు.

"అక్కా! పొలిమెర దాటలె అక్కా, ఒట్టు. గీ బండ మీదికెళ్ళే పోసిన. సూడు, పచ్చబడ్డది. గోవిందమ్మను తోలుకొచ్చి సూపెట్టు. అత్తకు చెప్పు. ఇగ నేను రావొచ్చు గద?"

తీసిన కొమ్మ ఇంకా నా చేతులనే ఉన్నది.

"పిల్ల నడుస్తాందా అక్కా? గోడ ఇడిసి అడుగులేస్తాందా? మేకపాలు పడుతున్నయా? నన్ను గుర్తు పడ్తదో పట్టదో. పట్టకున్నా మంచిదే, రెండొద్దులు ఉంటె అదే అలువాటైతది."

అంటనే ఉన్నది. నేను ఆపకపోతె గట్లనే అంటనే ఉండేది. కుండ ఇంకా నెత్తి మీదనే ఉన్నది. నేను దగ్గరికి పోయి రెండు చేతులు పట్టుకున్న.

"రామమ్మా, పిల్ల లేదే."

ఏడువలె. నన్ను సూస్తాంది. ఇంకా ఏదో చెప్త అనుకుంటాంది. నేను గత్తర ముచ్చట చెప్పిన. తొవ్వల పోయిందని చెప్పిన. తంగేడు పొదల కాడ పెట్టినమని చెప్పిన. అంతా ఇన్నది. ఇని, మెల్లగ అడిగింది.

"ఆఖరుకు నీళ్ళడిగిందా అక్కా?"

నేనేం చెప్పాలె చెప్పు? ఇంత పెద్ద నోరున్న నాకు అప్పుడు ఒక్క అబద్ధం దొరకలె. "అడిగింది" అన్న.

రామమ్మ కుండ నెత్తిమీద సరిజేసుకున్నది. గుట్ట దిగవట్టింది. మా ఊరి దిక్కు. పొలిమెర రాయి దాటింది. నేను ఎనక ఉరుకుతున్న. ఊరు నడుమకెళ్ళి పోయింది, ఆనాడు ఎట్లొచ్చిందో గట్లనే, నెత్తిన కుండతోని. జనం గడపలల్ల నిలవడ్డరు. గోవిందమ్మ తలుపేసుకున్నది. మా అత్త ఎదురొచ్చి కాళ్ళ మీద పడ్డది. "జరుగు అత్తా, నీళ్ళు ఒలుకుతయి" అన్నది రామమ్మ.

తంగేడు పొదల కాడికి పోయి, కుండల నీళ్ళన్ని బొంద మీద పోసింది. మెల్లగ, పిల్లకు తల పోసినట్టు పోసింది. మన్ను గుటుక్కున తాగింది. రామమ్మ లేచి, కుండ సంకకేసుకొని, "ఇంకింత తెస్త అక్కా" అని మల్ల గుట్ట దిక్కు నడిసింది. ఆపితె ఆగలె. పొద్దూకేదాంక తెచ్చి పోస్తనే ఉన్నది. నేను గూడ ఎంబడి తిరిగిన. ఏం జెయ్యను మరి, దాన్ని ఒక్కదాన్నే ఎట్ల పోనియ్యాలె?

గోవిందమ్మకు మాత్రం నోరు లేచింది. మర్నాడు గుట్టెక్కి పచ్చగున్న దోన సూసి, "తల్లి శాంతించింది, ఒక యాటను కొయ్యాలె" అన్నది. యాటనట! నేను ఆమెను ఏమన్ననో నీ ముందల చెప్ప, సదువుకున్నదానివి. గా తంగేడు కొమ్మలు తీసి ఆమె మొకాన కొట్టిన. ఒక్క కొమ్మ ఉంచలె దోన మీద. ఎండ తగిలింది, ఇంకిపోయింది, మల్ల ఎర్రబడ్డది. తర్వాత పుష్యాల కార్తెల వానొచ్చింది. చెరువులు తెగే వాన. ఇగ ఎందుకొచ్చినట్టు అది?

ఐలేశం తిరిగి తిరిగి వచ్చి, పెండ్లాన్ని నందికొండకు తోలుకపోయిండు. ఇద్దరు కట్ట మీద రాళ్ళు మోసిన్రు. మల్ల పిల్లలు కాలె. రామమ్మ పని చేసేది, వండేది, మాట్లాడకపోయేది. రెండేండ్లకు నేను సూడ పోయిన. గుడిసె ముందల కూసున్నది. నన్ను సూడంగనె మొకం ఇప్పారింది. దగ్గరికొచ్చి చెవుల అడిగింది.

"అక్కా, దోన పచ్చబడ్డదా?"

నేను బిత్తరపోయిన. అప్పుడు వానకాలం. దోన నిండి, పచ్చగ కళకళలాడుతున్నది. చెప్పవోయిన, కని దాని కండ్లు సూసిన. ఆ కండ్లల్ల పిల్ల ఇంటికాడ ఉన్నది బిడ్డా. గోడ పట్టుకొని నిలవడ్డది. దోన పచ్చబడ్డనాడు పోయి ఎత్తుకోవాలె, గంతే. దాని మనసు గుట్ట మీద నేను పిల్ల లేదని చెప్పినకాడికి రాకముందే ఆగిపోయింది. ఐలేశం పక్కకు తిరిగి ఏడుస్తాండు.

"ఏడిదే రామమ్మా, ఇంకా ఎర్రగనే ఉన్నది" అన్న.

"అట్లనా" అన్నది. "అయితె పిల్ల పైలం అక్కా. పాలు పల్చగ కాచి పొయ్యి" అన్నది. లేచి పోయి నాకు బువ్వ పెట్టింది.

అప్పటి సంది ఏడాదికొకసారి పోత. అడుగుతది, చెప్త. ఒకనాడు చెప్పలేని అబద్ధం ఏండ్లసంది చెప్తనే ఉన్న. లోకమంత వానలు పడాలె, పచ్చగుండాలె అని మొక్కుతది. నేను ఎర్రగనే ఉన్నది అని చెప్పుకుంట తిరుగుత.

ఇప్పుడు నీతోని పనేందంటె ఇను. పోయిన వానకాలం మా ఊరోడొకడు నందికొండ పోయి, నోట్ల నాలిక ఆగక, "దోన నిండింది, పచ్చగ ఎంత మంచిగున్నదో" అన్నడట రామమ్మ ముందల. వాని నాలిక పడిపోను! అప్పటి సంది మూట కట్టుకున్నదట. పిల్ల కోసం చిన్న అంగీ కుట్టిందట, ఏడాది పిల్లకు పట్టే అంగీ. పొద్దుగాల లేస్తె పోయి బస్సు కాడ కూసుంటదట, ఊరికి పోవాలె అని. ఐలేశం రోజూ బతిలాడి తోలుకొస్తడట. ఈ నడుమ ఇనుత లేదట. మొన్న లారీ మనిషి తోని చెప్పి పంపిండు, "వదినా, ఇగ నాతోని అయితలేదు, ఏమన్న చెయ్యి" అని. ఈడికొస్తె ఏమున్నది బిడ్డా దానికి? గుప్పెడంత జాగల తంగేడు మొలిచి పూసింది. ఈసారి ఆ బొంద సూస్తె మనిషి దక్కదు.

నేను పోయి చెప్తె నమ్మదట. "అక్క నా మీద ప్రేమకు అబద్ధమాడుతది" అన్నదట. కనిపెట్టింది సూడు! మతి పోయిందని మనమంటున్నం గద.

నిన్నైతె నమ్ముతది. జీపుల వస్తవు, సదువుకున్నదానివి, నీకు అబద్ధమాడే పనేమున్నదని అనుకుంటది. నువ్వు ఆడేది గూడ ఏం లేదు, ఈ ఎండకాలం నిజంగనె ఎర్రగున్నది గద. అందుకే అంటున్న. గా సీసల నీళ్ళు పొయ్యకు. సంచిల పెట్టి నీడకు దాయకు. తొవ్వ మొత్తం ఒళ్ళె పెట్టుకో, ఎండ తగలనియ్యి. ఒక్క సుక్క పడ్డా పచ్చబడ్తదేమోనని నాకు భయం.

బస్సు కాడ మూట పెట్టుకొని ఒకామె కూసోని ఉంటది. పక్కన మట్టి కుండ, అంచు పలిగింది, బోర్లేసి ఉంటది. ఆమెనే. సీస ఎత్తి సూపెట్టు. "మీ గుట్ట మీదికెళ్ళి ఇయ్యాలనే తెచ్చిన, దోన ఎర్రగనే ఉన్నదమ్మా" అను.

అప్పుడామె సీసను జరసేపు సూస్తది. తర్వాత, పిల్ల పైలమని మా అక్కకు చెప్పు అంటది. సరే అమ్మా, చెప్త అను. మూటిప్పి గా అంగీ ఇస్తదేమో. ఇస్తె తీసుకో, వద్దనకు. ఐలేశం చేతికియ్యి.

అటెన్క నీ ఇష్టం బిడ్డా. నల్గొండకు పోయినంక నీళ్ళు పోసుకో, నీడకు పెట్టుకో, పచ్చగ చేసుకో.